ముందు లాగిన్ అవ్వండి, నేర్పడం తర్వాత

పదిహేనేళ్లు దాటిన నిరక్షరాస్యులకు చదువు చెప్పడానికి కేంద్ర ప్రభుత్వం 2022లో ‘నవ భారత్ సాక్షరతా కార్యక్రమం’ ప్రకటించింది. ఐదేళ్లకు 1,037.90 కోట్ల రూపాయలు. ఉద్దేశం మంచిదే. అందులో నాకు మహా నచ్చిన వాక్యం ఒకటుంది. నేర్చుకోవాల్సినవాళ్లను ఇంటింటి సర్వేలో గుర్తిస్తారట. అది కుదరకపోయినా బెంగలేదు, చదువు రానివారు ఎక్కడినుంచైనా తామే నేరుగా మొబైల్ యాప్‌లో నమోదు చేసుకోవచ్చట.

యాప్ దింపుకుని, పేరు కొట్టి, పుట్టిన తేదీ నింపి, తనకు చదవడం రాయడం రాదని స్వహస్తాలతో నొక్కి చెప్పగల ఆ నిరక్షరాస్యుడు ఎక్కడున్నాడో గానీ, దొరికితే బడిలో వెనక బెంచీ మీద కూర్చోబెట్టడం అన్యాయం. టీచరు ఉద్యోగం ఇవ్వాలి.

పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదని మనవాళ్లు ఎప్పుడో అన్నారు. అప్పట్లో అది సామెత. ఇప్పుడు మార్గదర్శక సూత్రం.

పెద్దవాళ్లకు కంప్యూటరూ ఇంటర్నెట్టూ నేర్పే తరగతుల్లో ఈ సూత్రం మరీ నిష్ఠగా అమలవుతుంది. చేరే రోజే ‘నైపుణ్య మదింపు’ అంటారు. ఎవరికి ఎంత వచ్చో తెలిస్తే పాఠం అక్కణ్ణుంచి మొదలుపెట్టొచ్చన్నది దాని వెనకున్న ఆలోచన. ఆలోచనతో నాకు పేచీ లేదు. ఆ మదింపు కంప్యూటరు తెర మీద, ఇంగ్లీషులోనో, ఇంగ్లీషు కంటే కష్టమైన అనువాద తెలుగులోనో జరగడంతోనే పేచీ.

నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే ఒక తల్లిని ఊహించండి. శిక్షణ కేంద్రానికి వచ్చింది. మౌస్ ముట్టుకోవడానికే జంకింది. అక్కడి కుర్రాడు మంచివాడు, “నేను నింపుతాలే పెద్దమ్మా” అన్నాడు. దాంతో ఆమె సామర్థ్యాన్ని అతని సామర్థ్యంతో కొలిచే ప్రక్రియ మొదలైంది. ఈమెయిల్‌కు ఫైలు జతచేయగలరా? కాపీ, పేస్ట్ తెలుసా? స్ప్రెడ్‌షీట్‌లో ఫార్ములా వేయగలరా? ఈ ప్రశ్నలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఐక్యరాజ్య సమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 4.4.1 అనే సూచికలో ఇలాంటి పనుల జాబితా ఉంది. దేశదేశాల లెక్కలు పోల్చడానికి పుట్టిన జాబితా అది. మనవాళ్లు దాన్ని పెద్దమ్మకు ప్రవేశ పరీక్షగా పెట్టేస్తారు.

“గవన్నీ నాకేం ఎరుక బిడ్డా, రావని రాస్కో” అంది. రాసుకున్నాడు. ఫలితం: సున్నా.

ఈ సున్నా మనిషి పొద్దున లేచి ఏం చేసిందో చూద్దాం. వాట్సాప్ కాల్ కలవని దుబాయ్‌లో ఉన్న కొడుకుతో వేరే యాప్‌లో ముఖం చూస్తూ మాట్లాడింది. యూట్యూబ్‌లో మైకు గుర్తు నొక్కి, కావలసిన పాట నోటితో అడిగి తెప్పించుకుంది. సంఘం అప్పు కిస్తీ ఎప్పుడు కట్టాలో గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టింది, అక్షరం రాయకుండా. కూరగాయల బండి దగ్గర క్యూఆర్ కోడ్ మీద ఫోను పెట్టి డబ్బు పంపింది. తెర మీది అక్షరాలను గుర్తులుగా, రంగులుగా, చోటుగా చదవడం ఆమె సొంతంగా కనిపెట్టుకున్న లిపి. ఫారంలో దీనికి గడి లేదు, కాబట్టి ఇది ఆమెకు రాదు.

మదింపులో ఇంకో ముచ్చట ఉంటుంది: మీ ఆత్మవిశ్వాసానికి మీరే 1 నుంచి 5 దాకా మార్కులు వేసుకోండి. పెద్దమ్మ 1 అంటుంది, అదీ మొహమాటపడుతూ. పక్క కుర్చీలో రిటైరైన పెద్దమనిషి 5 వేసుకుంటాడు. మొన్ననే ఈయన ట్రాఫిక్ చలానా పేరుతో వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలును ధీమాగా నొక్కి, ఖాతా ఊడ్చిపెట్టించుకుని ఉండొచ్చు. అయినా ఫారం ప్రకారం ఆయన ‘ఉన్నత స్థాయి’. పెద్దమ్మ లింకు అంటేనే భయపడి కొడుకును అడుగుతుంది. అందుకని ‘ప్రాథమిక స్థాయి’.

ఇక ఓటీపీ. తరగతిలో పెద్దమ్మకు చెప్పబోయే అతి ముఖ్యమైన పాఠం, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని. ఆ పాఠం వినాలంటే ముందు చేరాలి. చేరాలంటే ఆధార్ కావాలి. బీడీలు చుట్టీ నాట్లు వేసీ రేఖలు అరిగిన వేలు మిషన్ మీద ఎంతకీ పడదు. అప్పుడు కుర్రాడు ఫోను వైపు చెయ్యి చాచి అంటాడు: “పెద్దమ్మా, ఒక నంబర్ వచ్చింది కదా, అది చెప్పు.”

పరాయి దేశాలన్నీ తెలివైనవని నేననను గానీ, సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ వాళ్లు 2011-12లో వయోజనుల నైపుణ్యాల మీద చేసిన సర్వేలో ఒక చిన్న మర్యాద పాటించారు. ముందు నొక్కడం, జరపడం, టైపు చేయడం వచ్చో రాదో చూశారు. రానివాళ్లకు చేతికి కాగితం ఇచ్చారు. కాగితం! మన పోర్టళ్ల ముందు ఆ మాట అంటే నేరం.

అసలు ఈ కొలత ఎవరి కోసమో తెలియాలంటే పల్లెలకు డిజిటల్ అక్షరాస్యత నేర్పిన కేంద్ర పథకం ‘పీఎంజీ దిశ’ లెక్కలు చూడాలి. 2017లో మొదలైంది. పల్లెల్లో 6 కోట్ల కుటుంబాలు, ఇంటికి ఒకరు, వయసు 14 నుంచి 60, శిక్షణ 20 గంటలు. 61 వచ్చినవాళ్లు ఇక ఏం నేర్చుకుంటారులే అనుకున్నారు కాబోలు. 2017-18 జాతీయ నమూనా సర్వే నాటికి గ్రామీణ ఇళ్లలో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతమే కాబట్టి, పథకం అవసరం నిజమే. చేరడానికి అర్హత, ఏమీ రాకపోవడం. చివర్లో 25 ప్రశ్నల ఆన్‌లైన్ పరీక్ష. అభ్యర్థి గట్టెక్కితే శిక్షణ కేంద్రానికి 300 రూపాయలు. అంటే మొదటి రోజు ఎవరికీ ఏమీ రాకూడదు, చివరి రోజు అందరికీ అన్నీ రావాలి. ఈ రెంటి మధ్యా ఏం జరిగిందని ఎవరూ అడగరు. 2024 మార్చి 31న పథకం ముగిసేసరికి 6.39 కోట్ల మందికి శిక్షణ ఇచ్చామన్నారు, 4.78 కోట్ల మందికి సర్టిఫికెట్లు అందాయన్నారు. వాళ్లలో ఎందరు తర్వాత ఒంటరిగా ఒక దరఖాస్తు పెట్టుకోగలిగారో చెప్పే అంకె వాటి పక్కన లేదు.

నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వెళ్లిన ఆడవాళ్లకు ఇలాంటి మదింపు పెట్టి ఉంటే ఏమయ్యేదా అనిపిస్తుంది. ‘సీతమ్మ కథ’ పాఠం చదివి 1992లో ఊళ్లో సారా దుకాణం మూయించారు వాళ్లు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. చేరిన రోజు వాళ్ల ఫారంలో ‘సర్కారును దిగొచ్చేలా చేయగలరా?’ అన్న గడి ఉంటే, అందరూ రాదనే రాయించేవాళ్లు.

మరి మదింపు వద్దా? కావాలి, రెండు నిమిషాలు చాలు. ఫోను ఆమె చేతిలోనే ఉండనిచ్చి, “నిన్న దీంతో ఏం చేశావో చూపించు పెద్దమ్మా, ఎక్కడ ఆగిపోతున్నావో కూడా చూపించు” అనాలి. పింఛను స్థితి చూసుకోవడం దగ్గరో, బ్యాంకు మెసేజ్ నిజమో అబద్ధమో తేల్చుకోవడం దగ్గరో ఆగిందనుకుందాం. పాఠం అక్కణ్ణుంచే. సీపీయూ భాగాలు తర్వాత చూసుకోవచ్చు, అసలు చూడకపోయినా కొంప మునగదు.

ఈ మాట అంటే అధికారి ఇబ్బందిగా నవ్వుతారు. “బాగానే ఉందండీ, కానీ దాన్ని అప్‌లోడ్ చేయడానికి పోర్టల్‌లో కాలమ్ లేదు కదా!” పోర్టల్‌కు ఆ పాటి రాకపోతే ముందు దాన్నే ఏదో ఒక 20 గంటల కోర్సులో చేర్పించాలి. దానికింకా పద్నాలుగేళ్లు నిండలేదంటే, వయసు సడలింపు ఇద్దాం.