లైట్లు వెలిగితే లాప్‌టాపేనా!

కౌన్సెలింగ్‌లో మెకానికల్ సీటు ఖరారైందో లేదో, ఇంటిల్లిపాదీ లాప్‌టాప్ కొనడానికి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తేలతారు. పుత్రరత్నం చూపు కీబోర్డు కింద వెలిగే రంగుల లైట్ల మీద, నాన్నగారి చూపు ఈఎంఐ మీద, అమ్మ చూపు ఉచితంగా ఇచ్చే బ్యాగు మీద. మెకానికల్ వాళ్లు డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్ సాలిడ్‌వర్క్స్ ఇందులో నడుస్తుందా అని అడిగే నాథుడు లేడు!

అమెరికా బాబాయి మ్యాక్‌బుక్ పంపిన ఇళ్లలో ఇంకో ముచ్చట. సాలిడ్‌వర్క్స్‌కు విండోస్ తప్ప గతి లేదని మొదటి ల్యాబ్ రోజున గానీ బయటపడదు. బాబాయికి చెప్పుకోలేరు, మింగలేరు.

8 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్ ముందు నిలబడి సేల్స్ కుర్రాడు 'అన్నీ వస్తాయి సార్' అంటాడు. వస్తాయి మరి! సాలిడ్‌వర్క్స్‌లో నాలుగు పార్టులు బిగించి అసెంబ్లీ తిప్పబోతే ఫ్యాను పిండిమరలా మోగుతుంది, తెర బిగుసుకుపోతుంది. ర్యామ్ పెంచుదామంటే అది బోర్డుకే అతికించి ఉంటుంది. ఆ లైట్లంటారా, హాస్టల్లో అర్ధరాత్రి ఆటలకు భేషుగ్గా పనికొస్తాయి.

అయ్యా తండ్రులూ, డబ్బు కట్టేముందు 16 జీబీ ర్యామ్ ఉందో లేదో, గ్రాఫిక్స్ కార్డు సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆమోదించిన జాబితాలో ఉందో లేదో చూడండి. సర్వీస్ సెంటర్ మీ ఊళ్లో ఉందో లేదో కూడా.