ఓ పాత కలర్ టీవీ కథ

ఈ కథ 1990ల చివర్లో కరీంనగర్‌లోని ఒక ఇంటికి వచ్చిన ఇరవై ఒక్క అంగుళాల కలర్ టీవీది. ఈ పెట్టె పిక్చర్ ట్యూబు మెడలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు మూడు ఎలక్ట్రాన్ గన్‌లు ఉన్నాయి. వాటి కిరణాలు అద్దం లోపలి పూతను తాకుతూ సెకనుకు 25 బొమ్మలు గీస్తాయి. ఒక్కో బొమ్మకు 625 గీతలు. ఓల్టేజి ఎక్కువ తక్కువలకు తట్టుకోవడానికి పక్కనే స్టెబిలైజర్, కార్యక్రమాలకు కేబుల్ వైరు ఉండేవి.

పెట్టె రాకముందే ఆ ఇంట్లో రాముడి రూపం స్థిరపడింది. పెద్దలకు రాముడంటే 1963 నాటి ‘లవకుశ’ సినిమాలోని ఎన్.టి.రామారావు. 1987 జనవరి 25 నుంచి 1988 జులై 31 దాకా దూరదర్శన్‌లో వచ్చిన రామానంద్ సాగర్ ‘రామాయణ్’ను వారు పాత నలుపు తెలుపు టీవీలో చూశారు. గోడ మీద నిర్మల్ శైలిలో గీసిన రాముడి పటం ఉండేది. శ్రీరామనవమికి ఇల్లందకుంటలో జరిగే సీతారాముల కల్యాణానికి వెళ్లడం ఆనవాయితీ.

2000ల తొలినాళ్లలో ఈ పెట్టె తెర మీదికి మరో రాముడు వచ్చాడు. అతను ‘రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ అనే యానిమేషన్ సినిమాలోని రాముడు. భారత్‌లో పురావస్తు తవ్వకాలపై డాక్యుమెంటరీ తీసే పనిలో యుగో సాకో అనే జపాన్ నిర్మాతకు రామాయణం పరిచయమైంది. ఆయన కొయిచి ససాకి, భారతీయ యానిమేటర్ రామ్ మోహన్‌లతో కలిసి ఈ సినిమా తీశాడు. సంగీతం వనరాజ్ భాటియాది. 1993 జనవరిలో ఢిల్లీ అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో దీన్ని ప్రదర్శించారు. నిడివి 135 నిమిషాలు. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన 1,94,400 ఫ్రేములు కావాలి. ఒకే బొమ్మను రెండు మూడు ఫ్రేముల దాకా నిలపడం చేతి యానిమేషన్‌లో మామూలే. పారదర్శకమైన సెల్‌ల మీద చేత్తో గీసి, రంగులు వేసిన బొమ్మలు దాదాపు లక్ష.

ఆ ఇంటి చిన్న పిల్లాడికి సినిమా నచ్చలేదు. పెద్ద కళ్లు, సన్నని ముక్కు ఉన్న రాముడు గోడ మీది రాముడిలా లేడు. మాటలు హిందీలో ఉండడంతో సగం అర్థం కాలేదు. పెద్దలకు చిక్కు మరోలా ఎదురైంది. హిందీ డబ్బింగ్‌లో రాముడికి గొంతిచ్చింది సాగర్ సీరియల్‌లో రాముడిగా నటించిన అరుణ్ గోవిలే. గొంతు తెలిసినదే, మొహం మాత్రం కొత్తది. దీనికి తోడు సాంకేతిక పరిమితి ఒకటి ఉంది. థియేటర్ కోసం వెడల్పుగా గీసిన దృశ్యం 4:3 తెరలో ఇమడదు. పక్కలు కోయాలి, లేదా పైనా కిందా నల్లపట్టీలు వదలాలి. కేబుల్ సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు అడవి, ఆకాశం కలిసిపోయి కనిపించేవి.

2025 జనవరి 24న అదే సినిమా 4కె నాణ్యతతో దేశమంతటా థియేటర్లలో విడుదలైంది. తెలుగు, హిందీ, తమిళ డబ్బింగులు కొత్తగా సిద్ధమయ్యాయి. రచన విషయంలో వి.విజయేంద్ర ప్రసాద్ తోడ్పడ్డారు. అప్పటికి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న ఆ పిల్లాడు తెలుగులో చూశాడు. ఇంటికొచ్చి ఈ పెట్టె ముందే తాత, అవ్వలతో దాని గురించి మాట్లాడాడు.

రెండోసారి అతనికి ముందుగా పట్టింది కథ నడక. విశ్వామిత్రుడు రాముణ్ని వెంట తీసుకుపోవడంతో మొదలై, పుష్పక విమానంలో అయోధ్యకు తిరిగి రావడంతో ముగుస్తుంది. ఉత్తరకాండ లేదు. సాగర్ డెబ్బై ఎనిమిది భాగాల్లో చెప్పిన కథ రెండుంపావు గంటల్లోకి వచ్చింది. సంభాషణ తగ్గి, దృశ్యం ఆ పని చేసింది. నిద్రలేచిన కుంభకర్ణుడు వానరసేన మీదికి నడిచే ఘట్టంలో ఆకారాల తేడా ఒక్కటే భయం పుట్టించగలదని గమనించాడు. రాముడి మొహం మీద పాత అభ్యంతరం మాత్రం పూర్తిగా పోలేదు. తాత కూడా ఎన్టీఆర్ రూపాన్ని వదులుకోలేదు.

సినిమాలోని గీతలు 1993లో ఉన్నవే. మారినవి భాష, తెర వెడల్పు, చూసేవాడి వయసు. చిన్నప్పటి విముఖతలో మొదటి రెండింటి వాటా ఎంతో, రూపం మీది పట్టింపు వాటా ఎంతో రెండోసారి చూశాకే తేలింది. రూపం మీది పట్టింపు ఇంటిలో తరాల నుంచి వచ్చినది కాబట్టి అది కొంత మిగిలింది.