నల్లరేగడిలో నూరువరహాలు: టీకా తాత్పర్యం

నల్లరేగడందు నాటిన వరహాలు
పచ్చబడును గాని పచ్చ గాదు
అన్నభేది నీట నాకుల దడిపిన
నూరు వరహలిచ్చు నోముపంట

అవతారిక: గుంటూరులో ఇంటిముందు పొట్టిరకం నూరువరహాల మొక్క నాటి, రెండేళ్ళు మొగ్గ చూడని గృహస్థు గోడు ఇది. ఆటవెలది నాదే. యతి కుదిరింది, మొక్కే కుదురుకోలేదు.

టీక: నల్లరేగడందు = ఎండలకు చెయ్యి దూరేంత నెర్రెలిచ్చి, వానలకు చెప్పు పట్టుకుంటే వదలని పత్తిచేల, మిరపచేల మట్టిలో; నాటిన = ప్రహరీ వార, మేస్త్రీ వదిలిపోయిన సిమెంటు పెళ్ళల నడుమ పెట్టిన; వరహాలు = ఇక్సోరా; పచ్చబడును = పసుపు పూసినట్టవును; పచ్చ గాదు = ఆకుపచ్చగా ఉండదు; అన్నభేది నీటన్ = ఫెర్రస్ సల్ఫేటు కలిపిన నీళ్ళతో; నోముపంట = మా ఆవిడ ఓపిక.

విశేషాలు: ‘పచ్చ’ శ్లేష. పచ్చకామెర్లలో పసుపు, పచ్చగడ్డిలో ఆకుపచ్చ. లేతాకు పసుపెక్కి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే అది ఇనుము లోపం. ముదురాకు ముందు పసుపెక్కితే నత్రజని లోపం. నేను ఈ తేడా చూడకుండానే యూరియా వేశాను. మట్టిలో ఇనుము లేక కాదు. సున్నం పాలు ఎక్కువై, ఉదజని సూచిక 8 దాటిన నేలలో ఆ ఇనుము వేరుకి అందదు. పైగా సిమెంటు పెళ్ళలు. పుల్లటి నేల కోరే మొక్కకి ఇంతకంటే అత్తారిల్లు ఏముంటుంది?

పాఠాంతరం: మూడో పాదాన్ని కొందరు ‘యూరియా నీట’ అని చదువుతారు. అది గణానికీ సరిపోదు, మొక్కకీ సరిపోదు.

‘నూరు వరహలు’: దీర్ఘం ఛందస్సు కోసం పోయింది. 1818లో మద్రాసులో వరహాలు పోయి రూపాయి వచ్చినప్పుడు నూరు వరహాలకు 350 రూపాయలు లెక్క కట్టారు. కుండీ, ఎర్రమట్టి, ఆ దండగ యూరియా కలిపి నాకు అంతకు మించే అయింది.

తాత్పర్యం: లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, ఎండ చల్లబడ్డాక ఆకులు తడిసేలా వారానికోసారి, మూడుసార్లు కొట్టాలి. మూడోసారికి మా మొక్క లేతాకులు ఆకుపచ్చగా వచ్చాయి, కార్తీకంలో రెండు గుత్తులు పూసింది. వెల్లవేసిన గోడ పక్కనుంటే పాత దుప్పటి అడ్డం పెట్టుకోండి. అన్నభేది తుప్పు మరక ఒక పట్టాన వదలదు.