టైర్ల కాక

వేములవాడలో కారు కొన్నవాళ్ళు ముందు గుళ్ళో రాజన్నకు చూపిస్తారు, తర్వాత టైర్ల కాకకు చూపిస్తారు. రాజన్న ఏమీ అనడు.

తిప్పాపూర్ బస్టాండు అవతల, పంచరు షాపు ముందు బల్ల మీద ఉంటాడు కాక. షాపు ఆయనది కాదు. అక్కడ ఆయనకు పనీ లేదు. ఇలాంటి కాకలు సిరిసిల్లలో ఉన్నారు, జగిత్యాలలో ఉన్నారు. కోరుట్లలో ఇద్దరున్నారని, ఒకాయన గాలి 32 కొట్టాలంటే ఇంకొకాయన 35 అంటాడని, అందుకే ఇద్దరికీ మాటల్లేవని విన్నాను.

కాకకు కారంటే మోకాలి ఎత్తు వరకే. నిన్న వచ్చిన స్విఫ్టు తెల్లదా ఎర్రదా అని అడిగితే "నూట ఎనభై అయిదు, అరవై అయిదు, పదిహేను" అంటాడు. మనుషుల్నీ అట్లాగే గుర్తుపెట్టుకుంటాడు. బొలెరోలో తిరిగే లీడరు అటుగా పోతుంటే "రెండువందల పదిహేను పోతున్నడు సూడు, గాలి తగ్గింది" అంటాడు. తగ్గింది టైరులోనా, లీడరులోనా అన్నది మనం తేల్చుకోవాలి.

ఆయన ప్రతాపం చూడాలంటే సెకండ్ హ్యాండ్ బేరానికి వెంటబెట్టుకు పోవాలి. దుబాయి నుంచి వచ్చిన మా వాడకట్టు పోరడొకడు పోలో జీటీ మీద మనసు పడ్డాడు. చిన్న బండి, 1.2 లీటర్ల టర్బో ఇంజను, తొక్కితే ఉరుకుతుంది. 2022లో పోలోను మన దేశంలో ఆపేశారు కాబట్టి పాతదే గతి. కరీంనగర్‌లో 2016 మోడలు ఒకటి ఉందంటే కాకను కూచోబెట్టుకుని పోయాం.

బ్రోకరు అప్పజెప్పిన పాఠం అందరికీ తెలిసిందే: "సింగిల్ ఓనర్, షోరూం సర్వీసు, 38 వేలే తిరిగింది, టైర్లు 80 పర్సెంట్." పోరడు బానెట్ ఎత్తి ఇంజను చూస్తున్నాడు. కాక మాత్రం ముందు చక్రం పక్కన గొంతుక్కూచున్నాడు. టైరుకు పూసిన నల్ల పాలిషును రుమాలుతో తుడిచాడు. కింద సన్నటి పగుళ్ళు తేలాయి. జేబులోంచి అగ్గిపుల్ల తీసి గాడిలో దించి, గోటితో నొక్కి పట్టి, బడి పిల్లల స్కేలు మీద పెట్టాడు. నాలుగు మిల్లీమీటర్లు.

"కొత్త టైరు గాడి ఎనిమిది మిల్లీమీటర్లనుకో. 1.6 కాడికొస్తే చట్టం ప్రకారం గా టైరు పని ఖతం. అంటే వాడుకునేది ఆరు పాయింట్ నాలుగు. మిగిలింది రెండు పాయింట్ నాలుగు. గిది ఎనభై పర్సెంటా? ముప్పై ఏడున్నర!"

బ్రోకరుకు అప్పుడే ఫోను వచ్చింది. మోగినట్టు మాత్రం మాకు వినపడలేదు.

కాక అరచెయ్యి టైరు మీద అడ్డంగా నిమిరాడు. లోపలి నుంచి బయటికి గీస్తే నున్నగా ఉంది, బయటి నుంచి లోపలికి గీస్తే రంపంలా గీరుకుంది. నన్ను కూడా నిమిరి చూడమన్నాడు. నిజమే. అలైన్‌మెంట్ పోతే రబ్బరు అట్లా ఒకవైపుకు ఈకలు లేస్తుందట. నట్టనడుమ అరిగితే గాలి ఎక్కువైనట్టు, రెండంచులూ అరిగితే తక్కువైనట్టు, ఒక్క అంచే అరిగితే చక్రం సక్కగ లేనట్టు. అక్కడక్కడా గుంటలు పడితే షాకబ్జార్లు పోయినట్టు.

తర్వాత టైర్ల జాతకం తీశాడు. పక్కన కోడిగుడ్డు ఆకారంలో ఒక గడి, అందులో నాలుగంకెలు: 2319. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2019లో ఇరవై మూడో వారం. నాలుగింటికీ అదే. డిక్కీలోంచి స్టెప్నీ దించమన్నాడు. అది 2016లో పుట్టింది, నేల చూడలేదు.

"బండితోని వచ్చిన టైర్లు అరిగినంకనే గద గివి ఏసింది? గివి సుత సగానికెక్కువ అరిగినయి. 38 వేలకే ఇంత అరుగుతదా? మీటరు ఎనకకు తిప్పొచ్చు బిడ్డా. టైరును ఎనకకు తిప్పినా అరుగుడే."

బేరం నలభై వేలు దిగింది. కొన్నారు.

అసలు లడాయి ఆ తర్వాత. పోరడికి పదిహేను అంగుళాల చక్రాలు నచ్చలేదు. పదిహేడు అంగుళాల అల్లాయ్‌లు, వాటికి రబ్బరు బ్యాండు లాంటి టైర్లు కావాలి. కాక ఊరుకోడు కదా, లెక్క చెప్పాడు. 185/60 అంటే టైరు గోడ ఎత్తు 111 మిల్లీమీటర్లు. 205/40 అంటే 82. మొత్తం చక్రం ఎత్తు అటూ ఇటూగా అరవై సెంటీమీటర్లే, మీటరూ గేర్లూ తప్పకుండా ఉండాలంటే అట్లనే ఉండాలి. అంటే పెరిగింది రిమ్ము, తరిగింది రబ్బరు. గుంతలో పడ్డప్పుడు దెబ్బ తినేది రబ్బరు, అది తగ్గితే రిమ్ము తింటుంది. ఇనుప రిమ్ము వంగితే సుత్తితో సాపు చేస్తారు. అల్లాయ్ పగిలితే పారెయ్యాలి.

"లుక్కు కాక, లుక్కు," అన్నాడు పోరడు.

"ఎడ్లకు నాడాలు కొడతరు. నాడా పెద్దగున్నదని ఎవలన్న మురుస్తరా?"

పోరడు తగ్గలేదు. "ఫార్ములా వన్‌ల సుత 2022ల 13 తీసేసి 18 అంగుళాలు పెట్టిర్రు."

కాక కాసేపు ఆలోచించాడు. "ఆళ్ళ తొవ్వల గ్రానైట్ లారీలు తిరుగుతయా? ఊరూరికి స్పీడు బ్రేకర్లు ఉన్నయా? ఆళ్ళకు పందెం నడుమల టైర్లు మార్చెటందుకు ఇరవై మంది ఉంటరు. నీకెవలున్నరు?"

పోరడికి ఎవరూ లేరు. పదిహేనుతో సరిపెట్టుకున్నాడు, అలిగాడు కూడా.

గుడి ముందు పూజ రోజున కొబ్బరికాయ కొట్టారు, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టారు. బండి ముందుకు కదిలింది. అందరూ అద్దం మీది బొట్టు చూస్తుంటే కాక వంగి నిమ్మకాయలు చూస్తున్నాడు. మూడు చితికిపోయాయి. ఎడమ ముందు చక్రం కిందిది ఒక పక్కనే నలిగింది.

"అలైన్‌మెంట్ ఇంక సెయ్యలే నువ్వు," అన్నాడు. పూజారి గారు హారతి పళ్ళెం పట్టుకుని నిలబడే ఉన్నారు. నిమ్మకాయతో అలైన్‌మెంట్ చూసే పద్ధతి ఏ కంపెనీ పుస్తకంలోనూ ఉండదు. మర్నాడు మెషీన్ మీద పెడితే తేడా చూపింది ఆ ఎడమ చక్రమే. కాకకు ఈ సంగతి చెప్పొద్దని ఇంట్లోవాళ్ళంతా మాటనుకున్నారు. సాయంత్రానికే పంచరు షాపులో తెలిసిపోయింది.

కాకకూ ఒక మారుతి 800 ఉంది. పన్నెండు అంగుళాల చక్రాలు. అరుగుతాయని దాన్ని ఇటుకల మీద ఎత్తి పెట్టాడు. వాడినా వాడకున్నా రబ్బరు గట్టిపడుతుంది కాబట్టి, తేదీ మీరిందని రెండుసార్లు కొత్త టైర్లు తెచ్చాడు. వాటిలో ఏ జతా తిప్పాపూర్ వంతెన దాటలేదు. కాక భార్య అయితే "గా పైసలు పెడితే నాకు పుస్తెలతాడు వచ్చు" అంటుంది. కాక నేల చూస్తాడు, అలవాటు కొద్దీ ఆమె చెప్పుల అరుగుదల చూస్తాడు.

మీకు పాత బండి కొనే ఆలోచన ఉంటే ఇంజనుకు మెకానిక్కును తీసుకుపోండి, కాయితాలకు తెలిసినవాణ్ణి తీసుకుపోండి, కాకను మాత్రం మరిచిపోకండి. అన్నం తిని బయల్దేరండి. స్టెప్నీ దించనిదే ఆయన లేవడు.