నదీతీర సంబర పత్రిక: ఘంటాపథ వ్యాఖ్యా సహితము

మూలము: "పుణ్య నదీమతల్లి ఒడిలో, సకల జనుల ఆరోగ్యమే ధ్యేయముగా నిర్మితమైన నడక, సైకిలు బాటపై జరుగు మహా సంబరమును గౌరవనీయ ముఖ్య అతిథివర్యులు తమ కరకమలములతో ప్రారంభింతురు. కావున పురజనులెల్లరు సకుటుంబ సపరివార సమేతముగా విచ్చేసి జయప్రదము చేయ ప్రార్థన."

అవతారిక. ఈ వచనానికి కర్త ఎవరో తెలియదు. ఫలానా ఊరి కార్డు మీదిదని చెప్పడానికీ లేదు. నది, గట్టు, షామియానా, మైకు కలిసిన చోటల్లా, ఏ భాషలో అచ్చయినా, ఇదే పాఠం ఫ్లెక్సీ మీదికి దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. అందుచేత దీన్ని అపౌరుషేయంగా లెక్కించడం న్యాయం. వ్యాఖ్యకు ఒక చోటు కావాలి కనుక వ్యాఖ్యాత అహ్మదాబాద్ సబర్మతి రివర్‌ఫ్రంట్‌ను ఎంచుకున్నాడు. ఒక్కో ఒడ్డున పదకొండు కిలోమీటర్లకు పైగా సాగే ఆ నడకదారి పతంగుల పండుగ, పూల ప్రదర్శన, పరుగులు, సైకిలు యాత్రలు అన్నిటినీ మోస్తోంది. పైగా మూసీ మాట ఎత్తినప్పుడల్లా మనవాళ్లు చెప్పుకునే పేరు అదే.

మెదక్ దగ్గరి కొల్చారం వాడైన సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టు ఇక్కడ చెల్లదు. ఈ మూలంలో ఉన్నదంతా అక్కర్లేనిదే, అక్కరకొచ్చేదేదీ మూలంలో లేదు.

ప్రతిపదార్థము. కావున అనగా కావున. మహా అనునది పాదపూరణార్థము, పద్యము కాకపోయినను. ప్రార్థన సులభము. తక్కినవి స్పష్టములు.

"ఒడిలో" అన్నచోట మాత్రం ఆగాలి. గంగలో గొల్లపల్లె ఉందనే ఉదాహరణ అలంకారశాస్త్రం చదివిన ప్రతివాడికీ తెలుసు. నీళ్లలో పల్లె నిలవదు కనుక వాచ్యార్థం పొసగదు; గంగ అంటే గంగ గట్టు అని లక్షణతో సరిపెట్టుకోవాలి. గట్టు అనే అనవచ్చు కదా అంటే, గంగ చల్లదనాన్నీ పావనత్వాన్నీ ఆ పల్లెకు అంటించడమే ప్రయోజనం. తరతరాల శిష్యులు వల్లెవేసిన ఈ ఉదాహరణను అహ్మదాబాద్ ఇంజినీర్లు పడగొట్టారు. అక్కడి దారి గట్టు మీద లేదు, నదిలోనే ఉంది. ఇటూ అటూ కాంక్రీటు గోడలు లేపి, నదిని సుమారు 260 మీటర్ల వెడల్పుకు బిగించి, నదీగర్భంలోంచే 200 హెక్టార్లకు పైగా నేల తీశారు. నది ఒడిలో సంబరమన్నది అక్షరసత్యం. లక్షణ అక్కర్లేదు, అభిధ చాలు. ఆ ఉదాహరణ చూపిన ఆలంకారికుడు మమ్మటుడు బతికుంటే వేరేది వెతుక్కునేవాడు.

పోయింది మాత్రం ప్రయోజనం, అంటే చల్లదనం. 2016 మే 20న ఆ నగరంలో 48 డిగ్రీల ఎండ కాసింది. వడగాడ్పులను ఎదుర్కొనే ప్రణాళికను దేశంలో అన్ని నగరాలకంటే ముందు, 2013లోనే రాసుకున్న ఊరు అది. ఎండ సంగతి తెలియక కాదు. అయినా నీటి పక్కన వేసిన కిందిదారిలో గోడ పొడవునా కాంక్రీటే, చెట్టునీడ వెతుక్కోవాలి.

"నదీమతల్లి" ఎవరన్నది విచారించదగినది. సబర్మతి వానాకాలపు నది. ఎండాకాలం ఆ ఇసుకలో జనం కూరగాయలు పండించేవారు, చాకళ్లు బట్టలు ఉతికేవారు. ఇప్పుడు ఏడాది పొడవునా తళతళలాడే నీరు ఎగువన నర్మదా ప్రధాన కాలువ విడిచినది, దిగువన 1976 నాటి వాస్నా బ్యారేజీ ఆపి ఉంచినది. పేరు సబర్మతిది, నీరు నర్మదది. దేవకీ యశోదల న్యాయంతో సమన్వయించుకోవాలి. నగరం దాటాక నదిలో కలుస్తున్న పరిశ్రమల వ్యర్థాల సంగతిని 2021లో గుజరాత్ హైకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది. "పుణ్య" శబ్దానికి న్యాయస్థానం వారే వ్యాఖ్య రాస్తున్నందున ఇక్కడ విడిచిపెట్టడమైనది.

"బాట". రఘువంశ, కుమారసంభవ, మేఘదూతాలకు సంజీవని, మాఘానికి సర్వంకష, నైషధానికి జీవాతువు అని పేర్లు పెట్టిన మల్లినాథుడు భారవి కిరాతార్జునీయం దగ్గరికి వచ్చేసరికి తన వ్యాఖ్యకు ఘంటాపథమని పేరు పెట్టాడు. అది మెడలో గంటలు కట్టిన ఏనుగులు నడిచే రాచబాట. ఏనుగుకు గంట దేనికి? అంత బరువైన జంతువు తన రాకను తానే ముందుగా చెప్పుకోవాలి, పక్కన నడిచేవాడికి తప్పుకునే వ్యవధి ఇవ్వాలి. బలవంతుడి మెడకే గంట. ఆ మర్యాదకు మిగిలిన వారసుడు సైకిలు గంట. కాన్వాయి సైరన్ ఆ వంశంలోది కాదు. ఏనుగు జనంతో పాటే అదే దారిన నడిచింది. సైరన్ మోగితే జనమే దారి మీద ఉండకూడదు.

నడక ప్రసక్తి వచ్చింది కనుక ఇంకొంచెం. ఇదే నది ఒడ్డున 1917లో వెలిసిన ఆశ్రమం నుంచి, 1930 మార్చి 12న, అరవయ్యేళ్ల గాంధీ 78 మందిని వెంటబెట్టుకుని బయలుదేరాడు. వారిలో మన ఎర్నేని సుబ్రహ్మణ్యం ఒకడు. సుమారు 240 మైళ్లు నడిచి ఏప్రిల్ 5న దండి చేరారు. అలసితే ఎక్కమని వెంట తెచ్చిన గుర్రాన్ని గాంధీ ఎక్కలేదు. మొదటి మజిలీ అస్లాలీ. దారి పొడవునా ధూళి, మట్టి, ఊరూరా జనం. వాళ్లు నడిచింది నడక కోసం వేసిన దారిలో కాదు. ఎవరో వచ్చి జెండా ఊపేదాకా కాళ్లు కట్టుకుని నిలబడనూ లేదు. అక్కడ ముందు నడిచినవాడే పెద్ద. మన సంబరాల్లో పెద్దవాడు ఆఖరున కారులో వస్తాడు.

ఇక ప్రకృతము. "కరకమలములతో". తామర సూర్యోదయానికి విచ్చుకుంటుందని కవిసమయం. ముఖ్య అతిథి చేతులు సూర్యుడు నడినెత్తికి ఎక్కితే గాని విచ్చుకోవు. కార్డు మీద ఉదయం ఆరు గంటలని ఉంటుంది. రోజూ నడిచే ముసలివాళ్లు అయిదున్నరకే వచ్చి బారికేడ్ల ఇవతల నిలబడతారు. కుర్చీలు సైకిలు బాట మీద, జనరేటర్ నడకబాట మీద. ఏడాదిలో వాళ్లను ఆ దారిన నడవనివ్వనిది ఒక్క నడక సంబరం పూటే! ఇది అలంకారం కాదు, అతిశయోక్తి కూడా కాదు. ఏ ఊరి గట్టు మీదికైనా అలాంటి పొద్దున వెళ్లి చూడవచ్చు. వేరేచోట ఇది తలకిందులుగా జరుగుతుంది. అమెరికాలో చార్ల్స్ నది పక్కన, కేంబ్రిడ్జిలో, చలి లేని నెలల ఆదివారాలు మెమోరియల్ డ్రైవ్ అనే రోడ్డులో కొంత మేర కార్లను రానివ్వరు. జనం నడుస్తారు, పిల్లలు సైకిళ్లు తొక్కుతారు, సంబరమంటే అంతే. బొగోటాలో 1974 నుంచి ఆదివారాలు రోడ్లను మోటార్లకు మూసేస్తున్నారు. అక్కడ మూసేది మోటార్లకు, ఇక్కడ మూసేది కాళ్లకు.

"సంబరము". గుజరాత్‌లో అంతర్జాతీయ పతంగుల పండుగ 1989లో మొదలైంది. జనవరి 14 ఉత్తరాయణానికి ఆకాశం కన్నులపండువే. దారం మాత్రం గాజుపొడి పూసినది. సింథటిక్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించినా, ఆ రోజుల్లో అహ్మదాబాద్ స్కూటర్లకు హ్యాండిల్ నుంచి పైకి వంచిన ఇనుపకమ్మి బిగించి ఉంటుంది, మెడకు అడ్డంగా. కమ్మి లేనివాడు మెడకు గుడ్డ చుట్టుకుంటాడు. సైకిలువాడికి ఆ గుడ్డే గతి. బాట పక్కన పండుగ చేసేవాడు బాట మీద వెళ్లేవాడి మెడ గురించి కార్డులో ఒక్క ముక్క రాయడు.

"సకుటుంబ సపరివార సమేతముగా". ఈ గోడలు లేచే క్రమంలో నది ఒడ్డు గుడిసెల్లోంచి 10,000కు పైగా కుటుంబాలు ఖాళీ చేసి వెళ్లాయి. చాలామందికి ఇళ్లు దక్కింది హైకోర్టు మెట్లెక్కాకే. అవి వాళ్ల పనులకు దూరంగా, నగరం అంచుల్లో. సకుటుంబంగా వెళ్లగొట్టి సకుటుంబంగా పిలవడాన్ని ఏ శబ్దశాస్త్రమూ సమర్థించదు. ఆ నది మీద నడిచేవారి కోసమే 2022 ఆగస్టు 27న తెరిచిన అటల్ వంతెనకు, తెరిచిన కొద్దిరోజులకే పెద్దవారికి 30 రూపాయల టికెట్ పెట్టారు. "పురజనులెల్లరు" అన్న పదంలో "ఎల్లరు" చేరడానికి కొంత చిల్లర పట్టుకెళ్లాలి.

తాత్పర్యము. అతిథి వచ్చును. దారి మూయబడును.

కార్డులు అచ్చు వేయించేవారికి ఒక విన్నపం. పేర్లూ ఫొటోలూ పోగా కింద రెండు వరుసల చోటు మిగులుతుంది. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా, ఏ గంట నుంచి ఏ గంటదాకా దారి మూస్తారో అందులో వేయండి. ఆ పూట నడిచేవాళ్లు ఏ వైపు వెళ్లాలో, మంచినీళ్లూ మరుగుదొడ్లూ ఎక్కడున్నాయో కూడా వేయండి. మర్నాడు తెల్లవారేలోగా కప్పులూ ఫ్లెక్సీలూ ఎవరు ఎత్తుతారో, వాళ్ల ఫోను నంబరు పెద్ద అక్షరాల్లో ఉండాలి.