ఊదని ఈల

2023వ సంవత్సరము మార్చి 3వ తేదీ శుక్రవారమున, ఇండోర్ నగరములో భారత క్రికెట్ జట్టు ఆస్ట్రేలియా చేతిలో తొమ్మిది వికెట్ల తేడాతో ఓడి, మూడవ దినపు ఉదయమే ఆ టెస్టు ముగిసిపోయినందున, ఆనాటికి విధి నిర్ణయించిన దుఃఖము అక్కడికి సరిపోయినదని తలచి దేశజనులు తమ తమ పనులలో పడియుండగా, మా అనంతపురమున ఒక పెద్దమనిషి మాత్రము సాయంకాలమునకై వేరొక దుఃఖమును సిద్ధము చేసికొనుచుండెను. అతడు పాతూరులో విత్తనముల దుకాణము నడుపువాడు. వృత్తిచేత వర్తకుడు, ప్రవృత్తిచేత ఫుట్‌బాల్ అభిమాని. ఇండియన్ సూపర్ లీగ్ వారు ఆ సంవత్సరమే ఒక నూతన విధానమును ప్రవేశపెట్టియుండిరి. పట్టికలో మొదటి రెండు స్థానములు పొందినవారు నేరుగా సెమీఫైనల్‌కు పోవుదురు. మూడు మొదలు ఆరు వరకు నిలిచినవారు ప్లేఆఫ్ అను పేర ఒక్కొక్క ఆటతో తేల్చుకొని, అందు గెలిచిన రెండు జట్లు వారి వెనుక చేరును. ఆ ప్రకారము శుక్రవారము బెంగళూరు, కేరళ జట్లు బెంగళూరు కంఠీరవ మైదానమునను, శనివారము ఏటీకే మోహన్ బగాన్, ఒడిశా జట్లు కలకత్తా సాల్ట్ లేక్ మైదానమునను తలపడవలసియుండెను. మా మిత్రుడు ఈ నాలుగింటిలో దేనికి అభిమాని యని పాఠకుడు అడుగవచ్చును. దేనికిని కాదు. అతడు హైదరాబాదు జట్టునకు అభిమాని. ఆ జట్టు 42 పాయింట్లు మూటగట్టుకొని, రెండవ స్థానమున నిలిచి, ఆ వారమున ఆట లేక హాయిగా విశ్రమించుచుండెను. కావున ఆ వారాంతమున మా మిత్రునికి గెలుచుటకుగాని ఓడుటకుగాని ఏమియు లేదు; అతడు పడిన వేదన యంతయు నిష్కామమైనది.

ఇట్టి వేదనకు మా జిల్లాను మించిన క్షేత్రము లేదు. పడమటి కనుమలు తమ వాటా గైకొని విడిచిన నైరుతి మేఘము మా వద్దకు వచ్చుసరికి గాలియై మిగులును. తూర్పు తీరమును తడిపి బయలుదేరిన ఈశాన్య మేఘము మా పొలిమేర చేరకముందే అలసిపోవును. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే మాకు దక్కుచుండగా, అదియును చెనక్కాయ ఊడలు దిగువేళ రాక, పెరికి కుప్ప వేసినవేళ వచ్చుట కలదు. తలమీదుగా పోవు ముంగారు మబ్బు మరెక్కడనో కురియుటను తరతరములుగా చూచుచు వచ్చినవారము గనుక, పరుల చోట జరుగు శుభాశుభములను మావిగా భావించి మెడనొప్పి లేకుండ వీక్షించు శక్తి మాకు జన్మతః సిద్ధించినది. కాలువనీరు తుంగభద్రనుండి రావలెను. పిల్లలకు కొలువు బెంగళూరునుండి రావలెను. ఫుట్‌బాల్ మాత్రము ఊరిలోనే పుట్టవలెనని కోరుట అత్యాశ గాదా? ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునకు ఆ లీగులో జట్టే లేదు. అందుచేత మా మిత్రుడు 350 కిలోమీటర్లకు పైబడిన హైదరాబాదును తన జట్టుగా వరించెను; రాష్ట్రము విడిపోయినను అభిమానము విడిపోలేదని దానికొక సమర్థనము గూడ చెప్పును.

ఆ వరణమునకు ఫలము 2022 మార్చి 20వ తేదీన గోవాలోని ఫటోర్డా మైదానమున లభించియుండెను. నాటి ఫైనల్‌లో కేరళ పక్షమున రాహుల్ 68వ నిమిషమున గోలు చేయగా, ఇక రెండు నిమిషములు మాత్రమే మిగిలియుండగా సాహిల్ తవోరా దానిని సమము చేసెను. పిమ్మట పెనాల్టీలలో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని ముగ్గురిని నిలువరించగా హైదరాబాదు 3-1తో కిరీటము గెలుచుకొనెను. "కట్టిమని అంటే బళ్ళారి పక్కోడే సామీ, మనోడే" అని మా మిత్రుడు ఆ రాత్రి వీథి వీథియంతయు మేలుకొలిపినాడు. కట్టిమని గోవాలో పుట్టినవాడని ఎవరో చెప్పబోగా, గెలిచినవాని జన్మస్థలము గెలుపు చూచినవాడు నిర్ణయించునుగాని పురపాలక సంఘము కాదని అతడు సమాధానము చెప్పెను. ఈ సిద్ధాంతమును పాఠకులు కొంచెము జ్ఞాపకముంచుకొనవలెను.

శుక్రవారము రాత్రి అతడు బెంగళూరు పక్షము వహించి టీవీ ముందు కూర్చుండెను. కుమారుని కొలువు ఆ నగరమున నుండుట ఒక కారణము. నిరుడు తమ చేతిలో ఓడిన కేరళవారు మరల ఎదురుపడి పగ తీర్చుకొందురేమో యను శంక రెండవ కారణము. తొంబది నిమిషములు గోలు లేక గడచెను. అనావృష్టి అతనికి నూతనము గాదు గనుక బొరుగులు నమలుచు ఓపికతో నిరీక్షించెను. అదనపు సమయమున, 96వ నిమిషము ప్రాంతమున, కేరళ పెనాల్టీ ప్రదేశమునకు సమీపమున బెంగళూరునకు ఒక ఫ్రీకిక్ లభించెను. కేరళ ఆటగాండ్రు గోడ కట్టుటలో నిమగ్నులై యుండిరి. గోల్‌కీపర్ తన స్థానము వదలి ఆ గోడకు మేస్త్రీతనము చేయుచుండెను. అంతలో సునీల్ ఛెత్రి బంతిని నెమ్మదిగా ఎత్తి ఖాళీ వలలో వేసెను. రిఫరీ క్రిస్టల్ జాన్ గోలని ప్రకటించెను. ఈల ఊదలేదని కేరళవారు గగ్గోలు పెట్టిరి. వారి శిక్షకుడు ఇవాన్ వుకొమనోవిచ్ గీత దగ్గరకు వచ్చి, రండు పోదమని చేయి ఊపగా, పదునొకండుగురును మైదానము విడిచి లోపలికి పోయిరి.

మా మిత్రుడు ఆ క్షణమున పక్షము మార్చెను. "ఈల ఊదల్యా సామీ! ఈల ఊదకుండా కొడితే దాన్ని గోలంటారా, దొంగతనమంటారా?" అని అతడు గర్జించిన తీరు చూచి, కుమారుని కొలువు, నిరుటి పగ రెండును ధర్మము ముందు తృణప్రాయములైనవని నేను గ్రహించితిని. ఫుట్‌బాల్ నియమావళి పదమూడవ నియమము ప్రకారము ఫ్రీకిక్ కొట్టువాడు శీఘ్రముగా కొట్టదలచిన ఈల అవసరము లేదనియు, అవతలివారిని పది గజములు వెనుకకు పంపుమని అతడే రిఫరీని కోరినప్పుడు గాని, రిఫరీ తానై ఆటను ఆపినప్పుడు గాని మాత్రమే ఈలకై కాచుకొనవలసియుండుననియు, ఆనాటి వివాదమంతయు ఈ రెంటిలో ఏది జరిగినదన్నదే యనియు నేను సవినయముగా మనవి చేసితిని. అతడు నా వంక జాలిగా చూచి, "పంట బీమా కట్టించుకునేటప్పుడు ఏమీ చెప్పరు. పంట పోయినంక పుస్తకం తీసి, ఈ రూలుండాది, ఆ రూలుండాది అంటారు. ఇదీ అంతే" అనెను. దీనికి పదమూడవ నియమమున ప్రత్యుత్తరము లేదు.

ఆటగాండ్రు వెలుపలికి పోవుట మాత్రము అతనికి విచిత్రముగా తోచలేదు. శాసనసభా సమావేశములను ప్రత్యక్ష ప్రసారమున చూచి పెరిగిన జాతికి సభాత్యాగము పరమ పరిచితమైన క్రీడ. అందలి సంప్రదాయమేమనగా, నినాదములతో వెలుపలికి పోవలెను; ఛాయాచిత్రములు తీయించుకొనవలెను; మరునాడు యథాస్థానమున కూర్చుండవలెను; భత్యమునకు లోపము రాకూడదు. కేరళవారికి ఈ చివరి అంశము తెలియకపోయెను. రిఫరీ నియమిత సమయము వేచి, ఆటను 1-0గా బెంగళూరునకు కట్టబెట్టెను. ఆ నెల ముగియునాటికి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య క్రమశిక్షణ సంఘము కేరళ జట్టునకు 4 కోట్ల రూపాయల జరిమానాయును, శిక్షకునికి పది ఆటల నిషేధమును, 5 లక్షల జరిమానాయును విధించెను. బహిరంగముగా క్షమాపణ చెప్పనిచో జట్టు జరిమానా 6 కోట్లగునని గూడ ఆ తీర్పున కలదు. అనగా ఒక్క క్షమాపణ వెల 2 కోట్లు. ఇంత వెలయని ముందుగా తెలిసినచో మా ప్రాంతపు నాయకులు ఎందరెందరో ఈపాటికి పశ్చాత్తాపపడి శ్రీమంతులై యుందురు. కేరళవారు లెక్క తెలిసినవారు. వెంటనే విచారము ప్రకటించిరి. "బయటికి పోవడం కూడా చేతకాల్య వాళ్ళకు, మనోళ్ళ దగ్గర నేర్చుకోవల్ల" అని మా మిత్రుడు నిట్టూర్చెను.

శనివారము ఉదయమున గడియార స్తంభము సమీపమునగల హోటలులో, ఉగ్గాని బజ్జీ తినుచు, ఛెత్రిని నానా దుర్భాషలాడుచున్న అతనితో, ప్రక్కబల్ల యువకుడొకడు సెల్‌ఫోను చూచి, ఛెత్రి 1984 ఆగస్టు 3వ తేదీన సికిందరాబాదులో జన్మించినవాడని చదివి వినిపించెను. మా మిత్రుని చేతిలోని మిరపకాయ బజ్జీ నోటికిని పళ్ళెమునకును నడుమ ఆగిపోయెను. "సికిందరాబాదులో పుట్న్యాడా? ముందే చెప్పల్ల కదప్పా!" అని మందలించి, రెండు గుక్కల నీరు త్రాగి, ధర్మశాస్త్రమును మొదటినుండి మరల విచారించెను. ఆ విచారణ ఫలితము ఇట్లుండెను: "ఐనా తెలివైనోడు ఈల కోసరం కాసుకోని కూకుంటాడా? కాసుకోని కాసుకోని మనమేం బాగుపడినాము?" తీర్పు మారినది, కంఠస్వరము, ఆవేశము, బల్లపై గ్రుద్దుట యథాతథముగా నిలిచినవి.

ఇచ్చట నేనొక అప్రస్తుత ప్రసంగము చేయవలసియున్నది. సికిందరాబాదునకును మన ఫుట్‌బాల్‌కును గల బంధము ఛెత్రితో మొదలైనది కాదు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు పర్యాయములు రోవర్స్ కప్పు గెలిచినది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీము శిక్షణలోనే భారతదేశము 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానము పొందినది, 1962లో జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణము గెలిచినది. ఆ స్వర్ణము తెచ్చిన వారిలో తులసీదాస్ బలరాం సికిందరాబాదువాడే. 1960లో రోము ఒలింపిక్స్‌లో హంగరీపై ఒకటి, పెరూపై ఒకటి గోలు చేసిన ఆ మహనీయుడు, ఎనుబదియారేండ్ల వయసున, కంఠీరవపు రభసకు రెండు వారములు ముందుగా, ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్నుమూసెను. ఈ సంగతి చెప్పగా మా మిత్రుడు బజ్జీ ముగించి, "ఆయప్ప ఎవురు?" అని అడిగెను. మనవాడగుటకు సికిందరాబాదులో పుట్టుట చాలదు. శుక్రవారము రాత్రి టీవీలో గోలు చేసియుండవలెను.

శనివారపు ఆట గూర్చి చెప్పదగినది స్వల్పము. మోహన్ బగాన్ పక్షమున ప్రథమార్ధమున బూమూస్, ద్వితీయార్ధమున పెట్రాటోస్ చెరియొక గోలు చేయగా ఒడిశా 2-0తో ఓడెను. ఈల వేళకు మ్రోగెను. ఎవరును ఇంటికి పోలేదు. న్యాయముగా ముగిసిన ఆటలో అభిమానికి పని లేదు. మా మిత్రుడు కుర్చీలోనే నిదురించెను.

ఆదివారము దుకాణమునకు సెలవు. ఆనాడు అతడు ఈల వివాదముపై ఉత్తరపక్షమును, పూర్వపక్షమును తానే వహించి సాయంకాలము వరకు వాదించెను. అతని ఇంటినుండి బండిమీద కొలది నిమిషముల దూరములో, గ్రామీణాభివృద్ధి సంస్థవారి, అనగా మనమందరము ఆర్డీటీ అని పిలుచు సంస్థవారి, క్రీడాగ్రామము కలదు. మహారాష్ట్రము పొమ్మనగా 1969లో ఈ కరవు నేలకు వచ్చి, 2009లో ఇచ్చటనే తనువు చాలించిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన సంస్థ యది. స్పెయిన్ దేశపు లాలిగా వారు ఆ మైదానములలో పల్లెల బాలబాలికలకు ఫుట్‌బాల్ నేర్పించుటకు తోడ్పడిరి. టెన్నిస్ పాఠశాల తెరచుటకై 2010లో రఫాయెల్ నాదల్ స్వయముగా వచ్చి పోయెను. ఫెర్రర్‌ది బార్సిలోనా, హైదరాబాదు జట్టునకు కిరీటము తెచ్చిన శిక్షకుడు మనోలో మార్క్వెజ్‌ది గూడ బార్సిలోనాయే. మార్క్వెజ్ ఏ పూట ఏ ఆటగానిని దింపునో మా మిత్రునికి కంఠస్థము. ఫెర్రర్ మైదానమున, మోకాళ్ళకు ఎఱ్ఱమన్ను పూసుకొని, ఎండలో బంతి వెంట పరుగిడు ఆడపిల్లలను చూడరాదా యని అడిగితిని. "ఆడ మనోళ్ళు ఎవురుండారు సామీ?" అనెను. దారి తెలియక కాదు. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్ అదే ఆవరణలో జరిగినపుడు, తెల్లవారకముందే అక్కడకు చేరి, పేరుగల ఆటగాండ్ర వీపులు చూచి ధన్యుడైనవాడే యతడు.

తరువాతి కథ క్లుప్తము. విశ్రాంతి తీసికొని తాజాగా వచ్చిన హైదరాబాదు, మోహన్ బగాన్‌తో రెండు సెమీఫైనళ్ళును 0-0గా ముగించి, మార్చి 13న పెనాల్టీలలో 4-3తో ఓడెను. రెండు ఆటలు కలిపి నూటయెనుబది నిమిషములును, ఆపై అదనపు సమయమును, ఒక్క గోలు లేదు. మబ్బు మాత్రము నిండుగా నుండెను. బెంగళూరు ముంబయిని పెనాల్టీలలో 9-8తో దాటి ఫైనల్‌కు పోయి, అచ్చట అదే మోహన్ బగాన్ చేతిలో, పెనాల్టీలలోనే ఓడెను. మరుసటి ఏడు హైదరాబాదు జట్టు, జీతముల బాకీల గొడవలలో చిక్కి, 22 ఆటలలో ఒక్కటి గెలిచి, 8 పాయింట్లతో అట్టడుగున నిలిచెను. 2019లో పూనా జట్టు మూతపడగా దాని స్థానమున వెలసినదది. యజమానులు మారి, 2025లో ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అను పేరు ధరించెను.

ఈ వార్త వెలువడిన దినమున పరామర్శకై నేను విత్తనముల దుకాణమునకు పోతిని. మా మిత్రుడు బస్తాపై కూర్చుండి, చెనక్కాయలు ఒలిచికొనుచు, నేననుకొన్నంత ఖిన్నుడుగా గానరాలేదు. "ఇంతకాలము మీదియైన జట్టు పోయినది గదా" అంటిని. "యాడికి పోయింది సామీ?" అని అతడు ఎదురు ప్రశ్నించెను. "ఇల్లూరు సంజీవరెడ్డి ఢిల్లీకి పోయి రాష్ట్రపతి కాల్యా? అంతమాత్రాన మనోడు కాకుండా పోయినాడా? ఇదీ అంతే. అది సరే గానీ, ఆ ఢిల్లీ జట్టులో మన పక్కోళ్ళు ఎవురన్నా ఉండారేమో రోంత ఫోనులో చూసి చెప్పు."