మార్జాల గృహప్రవేశం: ఒక తేటగీతికి టీకా, తాత్పర్యం

అవతారిక: సాలూరు లారీల ఊరు. వేగావతి ఒడ్డున, కొండల అంచున, విజయనగరం నుంచి కొరాపుట్ వైపు ఘాట్ ఎక్కే జాతీయ రహదారి మీద ఉంది. లారీ ఓనర్లు, డ్రైవర్లు, క్లీనర్లు, బాడీ కట్టే వడ్రంగులు ఉన్న ఊరు కనుక బీరువా ఎటు వాల్చి కట్టాలో, గ్రైండరు కింద ఏ గోనె వెయ్యాలో ఇక్కడ ఒకరు చెప్పనక్కర్లేదు. ఇల్లు మారడమన్నది ఇక్కడ సగం పూట పని. కాని ఏ వే బిల్లులోనూ ఎక్కని సరుకు ఒకటుంది. లోడు కట్టేదాకా బీరువా మీదే కూర్చుని, తాడు బిగించే వేళకు మాయమైపోతుంది. దాన్ని ఉద్దేశించి వ్యాఖ్యాత తానే ఒక తేటగీతి అల్లుకుని, దానికి తానే టీక రాసుకున్నాడు. ఇంత సాహసం కొలచల మల్లినాథసూరి చెయ్యలేదు. ఆయనకు కాళిదాసు ఉన్నాడు, పిల్లి లేదు.

మూలం:

పిల్లి బుట్టలో దింపుమా పిదప తలుపు
మూసి యొక్కటే గదిలోన ముడుచుకొనగ
పాత గుడ్డను పరచుమీ పాలు మాని
మూడు వారాలు వాకిలి మూయవలయు

ప్రతిపదార్థం: పిల్లి = ఎలుకల పనిమీద ఇంట్లో చేరి, ఎలుకలు పోయినా ఇల్లు వదలని జంతువు; బుట్టలో = మూత ఉన్న, గాలి ఆడే బుట్టలో; దింపుమా = కొత్త ఇంట్లో దించుము; పిదప = ఆ తరువాత; తలుపు మూసి = గది తలుపు వేసి; ఒక్కటే గదిలోన = ఇల్లంతా కాక ఒక్క గదిలోనే; ముడుచుకొనగ = ముడుచుకుని పడుకోవడానికి; పాత గుడ్డను = ఉతకని పాత చీరనో దుప్పటినో; పరచుమీ = పరువుము సుమా; పాలు మాని = పాలు పొయ్యకుండా; మూడు వారాలు = 21 రోజులు; వాకిలి = వీధి తలుపు; మూయవలయు = మూసి ఉంచవలెను.

తాత్పర్యం: ఇల్లు మారినప్పుడు పిల్లిని బుట్టలో తెచ్చి, ముందు ఒక గదికి అలవాటు చేసి, తన వాసన ఉన్న గుడ్డ మీద పడుకోనిచ్చి, మూడు వారాల దాకా వీధిలోకి వదలకూడదని భావం.

విశేషాలు: మొదటి మాటలోనే కవికి ఒక అభియోగం తప్పదు. ‘పిల్లిని’ అనాల్సిన చోట ‘పిల్లి’ అని వదిలేశాడు. ద్వితీయకు ప్రథమ రావడం జడపదార్థాలకు చెల్లుతుందని బాలవ్యాకరణం. ‘కుండ దించు’, ‘మంచం దించు’ అనవచ్చు. ప్రాణమున్న పిల్లికి ఆ వెసులుబాటు లేదు. గణం సరిపోక విభక్తి మింగాడని కొందరంటారు. అది కాదు, సామాన్లతోపాటు పిల్లినీ సామానుగా లెక్కగట్టే లోకరీతిని కవి ఎత్తిపొడిచాడని ఈ వ్యాఖ్యాత పక్షం. లారీలో మంచాల సందున పిల్లిని ఎక్కించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అది మనుషులు కూర్చునే చోట, మనిషి పక్కన, నేలమీద కదలకుండా పెట్టిన బుట్టలో రావాలి.

‘బుట్టలో’ అన్నాడు గాని ‘గోనెలో’ అనలేదు. మన ఊళ్ళలో పిల్లిని గోనెలో కట్టేది ఒక్కందుకే, దూరంగా వదిలెయ్యడానికి. ఏటి అవతల వదిలిన పిల్లి, వదిలినవాడికన్నా ముందే వంటింట్లో ప్రత్యక్షమైన కథ లేని వీధి ఉండదు. చీకటి, ఊపిరాడకపోవడం, ఏ పక్క నుంచి ఏం తగులుతుందో తెలియకపోవడం, ఇవన్నీ కలిసిన గోనెలోంచి బయటపడిన పిల్లికి కొత్త ఇల్లు శత్రువే. మేదరి బుట్టకు మూత కట్టినా చాలు, అమ్మే ప్లాస్టిక్ పెట్టె అయితే మరీ మేలు. తెలివైనవాళ్ళు ఆ బుట్టను వారం ముందే పాత ఇంట్లో మూత తీసి పడేసి, అందులోనే అన్నం పెడతారు. ప్రయాణం రోజున పిల్లి తానే పోయి అందులో కూర్చుంటుంది.

పిల్లి మనిషితో ఇల్లు మారడం నిన్నా మొన్నటి ముచ్చట కాదు. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 ఏళ్ళనాటి సమాధిలో మనిషి పక్కనే పిల్లి ఎముకలు దొరికాయని ఫ్రెంచి పురావస్తు పరిశోధకులు 2004లో ప్రకటించారు. ఆ ద్వీపంలో సొంత పిల్లిజాతి లేదు. అంటే ఎవరో దాన్ని సముద్రం మీద పడవలో తెచ్చారన్నమాట. పడవలో ఏ బుట్ట వాడారో తవ్వకాల్లో తేలలేదు.

‘ఒక్కటే గదిలోన’ అనడం మీద పూర్వపక్షం ఉంది. పిల్లినైనా గదిలో పెట్టి కొడితే తిరగబడుతుందని సామెత కదా, గదిలో బంధించడం తగునా అని. సామెతలో తప్పు గదిది కాదు, కొట్టడానిది. పిల్లికి ఇల్లంటే గోడలూ కప్పూ కాదు, వాసనల పటం. చెంపల దగ్గరి గ్రంథులతో తలుపు అంచుకూ, కుర్చీ కాలికీ, మన పిక్కలకూ రాసుకుంటూ ‘ఇది నాది’ అని గుర్తులు పెడుతుంది. కొత్త ఇంట్లో ఆ పటం ఖాళీ. నాలుగు గదులు, మేడమెట్లు, పెరడు ఒక్కసారిగా ముందు పెడితే ఏ మూల నుంచి మొదలుపెట్టాలో తెలియక అటక ఎక్కి కూర్చుంటుంది. ఒక గది అయితే రాసుకుని పూర్తి చేసుకోగలదు. ఆ గదిలో ఒక మూల తిండీ నీళ్ళూ, దానికి దూరంగా మరో మూల ఇసుక పోసిన తట్ట, దాక్కోవడానికి బోర్లించిన అట్టపెట్టె ఉంటే చాలు. ఏటి పక్క ఊరికి ఇసుక కరువేమిటి?

అట్టపెట్టెను చిన్నచూపు చూడవద్దు. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక శరణాలయానికి కొత్తగా వచ్చిన 19 పిల్లుల్లో కొన్నిటికి దాగే పెట్టెలు ఇచ్చి, కొన్నిటికి ఇవ్వకుండా గమనించారు. పెట్టెలున్న పిల్లులు త్వరగా తేరుకున్నాయని 2014లో రాశారు. కనుక మంచం కింద దూరిన పిల్లిని కాళ్ళు పట్టి లాగి ‘రా అమ్మా, కొత్తిల్లు చూద్దువుగాని’ అనే ముద్దు పనికిరాదు. దానంతట అది రావాలి.

ఇక పునరుక్తి దోషం. మొదటి రెండు పాదాల్లో ‘తలుపు మూసి’, నాలుగో పాదంలో ‘వాకిలి మూయవలయు’, మూసిందే మళ్ళీ మూయించాడని ఆక్షేపణ. ఇది దోషం కాదు. మొదటిది గది తలుపు. పిల్లి తింటూ, ఇసుక వాడుతూ, తోక ఎత్తి తిరిగేదాకా అది మూసి ఉంటుంది. కొన్నిటికి రెండు రోజులు చాలు, కొన్నిటికి వారం పైన పడుతుంది. రెండోది వీధి తలుపు. గది తలుపు తీసిన తరువాతే దాని విలువ తెలుస్తుంది. గృహప్రవేశం నాడు ఈ రెండు తలుపుల తేడా మరీ ముఖ్యం. ఆవును ముందు నడిపిస్తారు, పాలు పొంగిస్తారు, హోమం పొగ, బంధువులు, బ్యాండు, పిల్లల కేకలు. ఆ పూట పిల్లి ఎదురొస్తే శకునం చెడిందంటారు. శకునం నమ్మేవారికీ పశువైద్యుడికీ ఈ ఒక్క చోట మాట కలుస్తుంది, పిల్లి ఆ పూట గదిలోనే ఉండాలి. వీలైతే పండగంతా అయ్యాక తెచ్చుకోవడం ఉత్తమం.

కొత్త ఇల్లు కడిగేవారికి ఒక హెచ్చరిక పద్యంలో పట్టలేదు. నల్ల ఫినాయిల్ వాసన మనకు శుభ్రతకు గుర్తు. ఫినాల్ జాతి పదార్థాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడి నేలమీద నడిచి, తరువాత పాదాలు నాక్కుంటే విషం ఎక్కుతుంది. పిల్లి ఉండే గది వట్టి నీళ్ళతో, సబ్బుతో కడగాలి. బీరువాల్లోంచి రాలిన కలరా ఉండలు కూడా ఏరెయ్యాలి.

‘పాత గుడ్డ’ పద్యానికి ప్రాణం. కుక్క మనిషిని నమ్ముకుంటుంది, పిల్లి ఇంటిని నమ్ముకుంటుంది అని పెద్దలంటారు. 2019లో అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పిల్లికూనలను పెంచినవాళ్ళతో ఒక కొత్త గదిలో పెట్టి, మనిషి వెళ్ళి మళ్ళీ వచ్చినప్పుడు అవి ఎలా ఉంటాయో చూశారు. 64 శాతం పైగా కూనలు మనిషి రాగానే కుదుటపడి మళ్ళీ ఆటలో పడ్డాయి. అంటే పెద్దల మాటలో సగమే నిజం. పిల్లి మనిషినీ నమ్ముకుంటుంది, చాటింపు వెయ్యదంతే. ఇంటి వాసనా మనిషి వాసనా రెండూ ఉన్న వస్తువు పాత గుడ్డ ఒక్కటే. అందుకే ఇల్లాలు కొత్త ఇంటికని అన్నీ ఉతికి మడతపెట్టినా, పిల్లి పడుకునే చీరముక్కను ఉతక్కూడదు. పాత ఇంట్లో పిల్లి చెంపలను ఒక మెత్తని గుడ్డతో తుడిచి, కొత్త గదిలో పిల్లి ఎత్తున గుమ్మాలకూ మంచం కోళ్ళకూ రుద్దడం ఇంకో ఉపాయం. పని చూసే అత్తగారు ఏమనుకున్నా సరే.

‘పాలు మాని’ దగ్గర తెలుగు పాఠకుడికి తెనాలి రామకృష్ణుడు గుర్తుకు రాకపోడు. రాయలవారిచ్చిన పిల్లికి కాగే పాలు పెట్టి, జన్మలో పాలు చూస్తే పారిపోయేలా చేశాడని కథ. చేసింది క్రూరమే, ఫలితం మాత్రం పశువైద్యసమ్మతం! పాలలోని లాక్టోజ్ చక్కెరను అరిగించే ఎంజైము చాలా పిల్లుల్లో తల్లిపాలు మానే వయసు నుంచి తగ్గిపోతుంది. బెదిరి ఉన్న పిల్లికి పాలు పోస్తే కడుపు కదిలి, ఉన్న గాబరాకు ఇంకో గాబరా తోడవుతుంది. పాత ఇంట్లో ఏ చేపన్నం తినేదో అదే, అదే గిన్నెలో పెట్టాలి. ఒక రోజు అలిగి తినకపోతే సరే. రెండు రోజులు దాటి ముద్ద ముట్టకపోయినా, మగపిల్లి ఇసుకలో కూర్చుని కూర్చుని మూత్రం రాక లేస్తున్నా పశువుల ఆస్పత్రికి పరుగెత్తాలి. తిండి మానిన పిల్లికి కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. మూత్రం బిగిసిన మగపిల్లికి ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది.

‘మూడు వారాలు’ ఛందస్సు కోసం వేసిన అంకె కాదు. ఇంగ్లండులో 1927 నుంచి పిల్లుల కోసం పనిచేస్తున్న క్యాట్స్ ప్రొటెక్షన్ సంస్థ కూడా కనీసం మూడు వారాలే చెబుతుంది. ఈలోగా వదిలితే పిల్లి పాత ఇంటి దారి పడుతుంది. 1922లో ఫ్రాన్సిస్ హెరిక్ అనే అమెరికా జంతుశాస్త్రవేత్త ఒక తల్లిపిల్లిని కూనల నుంచి వేరు చేసి, 1 నుంచి 4 మైళ్ళ దూరాల్లో వదిలి చూస్తే అది తిరిగి చేరింది. 2012 నవంబరులో ఫ్లోరిడాలోని డేటోనా బీచ్ దగ్గర తప్పిపోయిన హాలీ అనే పిల్లి రెండు నెలలకు సుమారు 320 కిలోమీటర్ల అవతల వెస్ట్ పామ్ బీచ్‌లో, సొంత ఇంటికి ఒక మైలు దూరంలో తేలింది. గోళ్ళు అరిగి, పాదాలు పుండ్లు పడి, బక్కచిక్కిపోయి ఉంది. ఒంట్లోని మైక్రోచిప్ చూసి పోల్చారు. సాలూరు నుంచి రాజమండ్రి దాకా నడిచిందనుకోండి. అటువంటిది ఊళ్ళోని పాత వీధి నుంచి ఊరవతలి కొత్త కాలనీకి మారిన పిల్లికి పాత ఇల్లెంత దూరం?

సాలూరుకు ఇంకో ప్రత్యేక కారణముంది. వెచ్చని ఇంజను కిందా, చాసిస్ మీదా పిల్లులు దూరుతాయి. కొత్త వీధిలో బెదిరిన పిల్లి, ఆగి ఉన్న లారీలో దాక్కుందంటే తెల్లారేసరికి ఘాట్ ఎక్కేస్తుంది. ‘పిల్లి ఎలిపోనాది’ అంటే ఇక్కడ అది కొరాపుట్ దాటిందని కూడా అర్థం రావచ్చు.

2022 ఏప్రిల్ 4న సాలూరు మొత్తం ఉన్నచోటు నుంచి కదలకుండానే విజయనగరం జిల్లా వదిలి పార్వతీపురం మన్యం జిల్లాలోకి మారింది. బోర్డులు మారాయి, కాగితాలు మారాయి. ఊళ్ళో ఒక్క పిల్లీ అటక ఎక్కలేదు. వాసన మారలేదు మరి.

మూడు వారాలయ్యాక తలుపు తీసేటప్పుడు ఆకలి మీదున్న వేళ, అన్నానికి కాస్త ముందు తియ్యండి. పది నిమిషాలు తిరిగి గిన్నె చప్పుడుకు వెనక్కొస్తుంది. పాత ఇంటి పొరుగువారికి కూడా ఓ మాట చెప్పి ఉంచండి: మా పిల్లి అటు వస్తే జాలిపడి అన్నం పెట్టకండి, మాకు ఫోన్ కొట్టండి.